కొలతయు నమ్మకమును

బౌద్ధుల అంగుత్తర నికాయములో ఒక రథకారుని కథ ఉన్నది. పచేతనుడనే రాజు తన రథకారుని పిలిచి, ఆరు నెలలలో యుద్ధము రానున్నదనియు, అప్పటికి క్రొత్త చక్రముల జత ఒకటి కావలెననియు ఆజ్ఞాపించినాడు. ఆరు నెలలకు ఆరు దినములు మాత్రమే మిగిలియుండగా ఒక చక్రమే పూర్తి అయినది. రాజు తొందరపెట్టినాడు. రథకారుడు రెండవదానిని ఆ ఆరు దినములలోనే ముగించి, రెంటిని తెచ్చి రాజు ముందు పెట్టినాడు. రాజు ఎంత పరికించినను రెంటికిని భేదము కానరాలేదు. అప్పుడు రథకారుడు ఆరు దినముల చక్రమును దొర్లించినాడు. అది త్రోపు ఉన్నంత దూరము పోయి, గిరగిర తిరిగి, నేల మీద పడిపోయినది. తరువాత మొదటి చక్రమును దొర్లించినాడు. అదియు త్రోపు ఉన్నంత దూరము పోయినది, కాని పడలేదు, ఇరుసున దిగవేసినట్లు నిటారుగా నిలిచినది. పడిన చక్రపు పూటీలలోను, ఆకులలోను, కుండలోను వంకరలు మిగిలియున్నవని రథకారుడు కారణము చెప్పినాడు.

బుద్ధుడు వారణాసి దగ్గరి ఋషిపతనములో ఈ కథ చెప్పి, ఆ రథకారుడు పూర్వజన్మమున తానేయనియు, నాడు కొయ్యలోని వంకరలను ఎరిగినట్లే నేడు మనోవాక్కాయముల వంకరలను ఎరుగుదుననియు భిక్షువులకు బోధించినాడట. ఆ బోధ ధర్మవేత్తలది. యంత్రములతో బ్రదుకుచున్న మన కాలపు మనుష్యునకు ఆ కథలో మరియొక సంగతి కనబడుతున్నది. రెండు చక్రములును ఒకే వ్యాసము గలవి కావచ్చును. కొలబద్ద పెట్టి చూచియుంటే రాజునకు రెండును సరిగానే తోచియుండును. తేడా పరిమాణములో లేదు, ఆకృతిలో ఉన్నది. పరిమాణమును కొలుచుట మనుష్యుడు అనాదిగా నేర్చినాడు. ఆకృతిని కొలుచుట, అనగా చక్రము పడిపోకముందే దానిలోని వంకరను కనిపెట్టి, దానికి ఒక సంఖ్య చెప్పగలుగుట, ఇటీవల నేర్చిన విద్య. ఈ విద్య పెరిగిన తీరును, అది మన దేశమున భిలాయి వంటి ఉక్కునగరములకు వచ్చి చేరిన వైనమును ఇచట చెప్పదలచినాము.

సూక్ష్మమైన కొలత యందు మన పూర్వులకు ఆసక్తి లేకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము దేశమానమును పరమాణువుతో ఆరంభిస్తున్నది. ఎనిమిది పరమాణువులు రథచక్రము లేపిన ఒక ధూళికణమునకు సమానము. ఎనిమిది ధూళికణములు ఒక లిక్ష, అనగా ఈరు. ఎనిమిది లిక్షలు ఒక యూక, అనగా పేను. ఎనిమిది యూకలు ఒక యవధాన్యపు నడుము. ఎనిమిది యవమధ్యములు ఒక అంగుళము. లెక్క కట్టినచో అంగుళమున 32,768 పరమాణువులున్నవి. అయితే ఆ పరమాణువును ఎవరును చూడలేదు, కొలువలేదు. అది బుద్ధితో చేసిన విభాగము. చేతికి అందిన ప్రమాణము అంగుళమే. అదియు మధ్యమ దేహము గల పురుషుని నడిమివేలి మధ్యభాగపు వెడల్పు అని ఆ గ్రంథమే చెబుతున్నది. కొలత మనుష్యుని దేహమునుండి పుట్టినది. ఆకృతికి మాత్రము శిల్పి వేరే సాక్షులను నమ్ముకొన్నాడు. సరళరేఖకు బిగించిన నూలు, నిలువునకు దారమునకు కట్టిన గుండు, సమతలమునకు నీరు, లంబకోణమునకు మూలమట్టము. ఈ సాక్షులు ఔనని గాని కాదని గాని చెప్పును. ఎంత తేడా ఉన్నదో చెప్పవు.

మన పల్లెలలోని బండిచక్రము ఈ పద్ధతికి మంచి ఉదాహరణము. వడ్రంగి కుండను చెక్కును. ఆ కుండలోని తొలులను బట్టి ఆకుల మొనలు చివ్వును. ఆకులను బట్టి పూటీలను అమర్చును. కట్టకడపట ఎర్రగా కాల్చిన ఇనుప పట్టాను తొడిగి నీరు పోయును. పట్టా చల్లారి ముడుచుకొని చక్రమునంతను బిగబట్టును. ఇందులో ప్రతి భాగమును తన ప్రక్కనున్న భాగమును చూచి పుట్టినది. ఒక బండి ఆకును మరియొక బండికి పెట్టుటకు వీలులేదు. పెట్టవలసిన అవసరమును లేదు. చక్రము విరిగినచో చేసిన వడ్రంగి అదే ఊరిలో ఉన్నాడు. చేసినవాడును వాడుకొనువాడును ఒకరినొకరు ఎరిగియున్న లోకములో ఆకృతిని సంఖ్యలలో వ్రాయనక్కరలేదు. ఆ ఎరుక తెగిన నాడు వ్రాయవలసి వచ్చినది.

అది మొదట తెగినది ఆయుధముల కర్మశాలలలో. 1785లో అమెరికా రాయబారిగా పారిసులో ఉన్న థామస్ జెఫర్సన్, హొనొరే బ్లాంక్ అను తుపాకుల నిర్మాత పనితనమును చూచి స్వదేశమునకు ఒక లేఖ వ్రాసినాడు. బ్లాంక్ ఏబది తుపాకుల మీటలను విడదీసి, భాగములను అరలలో వేరువేరుగా పోసి చూపించినాడు. జెఫర్సన్ చేతికి వచ్చిన భాగమును తీసికొని తానే కొన్నింటిని కూర్చినాడు. అవి చక్కగా అమరినవి. యుద్ధభూమిలో విరిగిన భాగమునకు బదులు, ఎవడో ఎక్కడనో చేసిన మరియొక భాగమును పెట్టవచ్చునన్నమాట. చేసినవాని ముఖము ఎరుగని సైనికుడు వాని పనిని నమ్మవలెను. ఆ నమ్మకమునకు ఆధారమేమి? కొలత మాత్రమే.

కాని ఏ ఇద్దరు మనుష్యులును ఏ రెండు వస్తువులను అచ్చముగా ఒకే కొలతకు చేయలేరు. యంత్రము కూడ చేయలేదు. కనుక కొలతతోపాటు దానికి హద్దులు చెప్పవలసి వచ్చినది: ఇంతకు మించరాదు, ఇంతకు తగ్గరాదు. ఈ రెండు హద్దుల నడుమనున్న వెసులుబాటును ఆంగ్లమున టాలరెన్సు అన్నారు. దీనికి తెలుగు మాట వెదకినప్పుడు అనువాదకునకు చిక్కు వస్తున్నది. నిఘంటువు సహనము, ఓర్పు అంటున్నది. అవి మనుష్యుని గుణములు, ఉక్కుముక్కకు ఓర్పేమి? హిందీలో ఛూట్ అనవచ్చును గాని, అది బజారులో బేరమాడి ధర తగ్గించుకొనుటకు వాడు మాట. హిందీ శాస్త్రపరిభాషలో సహ్యత అన్న మాట ఉన్నది. సహ్యమనగా సహింపదగినది. గుణము సహించువానిది కాదు, దోషముది. ఎంత దోషము సహ్యమో ముందుగా నిర్ణయించి, దానిని కాగితము మీద వ్రాసి, ఇరుపక్షములును ఒప్పుకొనుట ఇందలి భావము. ఈ వ్యాసములో ఆ మాటనే గ్రహించినాము. కర్మశాలలో మాత్రము తెలుగువారైనను హిందీవారైనను టాలరెన్సు అనియే అంటారు. వారికి ఆ మాటతో పేచీ లేదు.

పరిమాణపు సహ్యత ఈ విధముగా వ్యవస్థకు వచ్చినది. ఆకృతి మాట ఏమి? చదునైన తలమును దేనితో పోల్చి చదునని చెప్పవలెను? పోల్చుటకు అంతకన్న చదునైనది కావలెను. దానిని పోల్చుటకు మరియొకటి. ఈ అనవస్థకు ఆంగ్ల ఇంజనీరులు చెప్పిన సమాధానము మిక్కిలి ముచ్చటైనది. లండనులో హెన్రీ మాడ్స్లే కర్మశాలలో పనిచేసి, తరువాత మాంచెస్టరులో స్వంత కర్మశాల పెట్టుకొన్న జోసెఫ్ విట్వర్త్, 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిషు శాస్త్రజ్ఞుల సభలో సమతలములను గూర్చి ఒక పత్రము చదివినాడు. రెండు ఇనుప పలకలను ఒకదానితో ఒకటి సరిచూచినచో అవి చక్కగా కలిసిపోవచ్చును. అయినను రెండును చదును కాకపోవచ్చును. ఒకటి ఉబ్బెత్తుగను, మరియొకటి అంతే పల్లముగను ఉన్నచో అవి గిన్నెయు మూతయువలె ఇముడును. మూడవ పలకను తెచ్చినప్పుడు ఈ కపటము బయటపడును. మొదటిదానితో రెండవది, రెండవదానితో మూడవది, మూడవదానితో మొదటిది, ఇట్లు మూడును ఏ జతలో చూచినను కలిసినచో, ఆ మూడును చదునే. నూనెలో కలిపిన ఎర్రని సిందూరమును పలకకు పూసి, రెండవ పలకను దానిపై ఆనించి, రంగు అంటిన మిట్టలను మాత్రము చేతిపనిముట్టుతో గీకివేయుచు పోవలెను. ఏ ప్రమాణమును అరువు తెచ్చుకొనకుండ, కేవలము పరస్పర పరీక్షచే సత్యమును సాధించుట ఇందలి విశేషము. ఇద్దరి ఏకాభిప్రాయము సత్యము కానక్కరలేదు. మూడవ సాక్షి కావలెను.

గుండ్రదనమునకు వచ్చిన చిక్కు ఇంతకన్న వింతైనది. ఒక ఇరుసును మైక్రోమీటరు దవడల నడుమ పెట్టి, త్రిప్పుచు, ఎన్నిచోట్ల కొలిచినను ఒకే వ్యాసము వచ్చినదనుకొందము. అది గుండ్రముగా ఉన్నట్లేనా? కానక్కరలేదు. ఎటు కొలిచినను ఒకే వెడల్పు గలిగి, గుండ్రముగాని ఆకృతులు ఉన్నవి. జర్మను పండితుడు ఫ్రాంజ్ రూలో 1875లో వెలువరించిన యంత్రగతిశాస్త్ర గ్రంథమున వీనిని విపులముగా చర్చించినాడు. వానిలో సరళమైనది మూడు వంపు అంచులు గల త్రిభుజము వంటిది. 1969లో బ్రిటను వెలువరించిన ఏడు అంచుల ఏబది పెన్సుల నాణెము ఈ జాతిదే. గుండ్రము కాకపోయినను దాని వెడల్పు అన్ని దిక్కుల సమానము. సానరాతి యంత్రముల మీద అరిగిన ఇరుసులలో ఇట్టి మూడు, ఐదు, ఏడు మిట్టల దోషము సహజముగా వచ్చును. మైక్రోమీటరు దానిని చూడలేదు. అదే ఇరుసును వి ఆకారపు దిమ్మెలో పెట్టి, పైన డయల్ గేజి ఆనించి త్రిప్పినచో ముల్లు ఆడును. అంతవరకు దాగిన దోషము మూడు చోట్ల ఆనినప్పుడు బయటపడినది. పచేతనుని రాజసభలో ఉన్న చక్రము సరిగా ఇట్టిదే కావచ్చును.

తరువాతి చరిత్రను సంగ్రహముగా చెప్పవచ్చును. 1896లో స్వీడను దేశపు తుపాకుల కర్మశాలలో పనిచేయు యోహాన్సన్ అను పనివాడు, నూటరెండు ఉక్కు దిమ్మెలను ఒకదానిపై ఒకటి అతికించి, మిల్లీమీటరులో నూరవ వంతు తేడాతో ఇరువదివేల కొలతలను కూర్చు ఉపాయమును కల్పించినాడు. 1905లో విలియం టేలర్ అను ఆంగ్లేయుడు గేజిలకు ఒక సూత్రము చెప్పినాడు: దూరవలసిన గేజి భాగపు పూర్తి ఆకృతిని ఒక్కసారిగా పరీక్షింపవలెను, దూరరాని గేజి ఒక్కొక్క కొలతను విడివిడిగా పరీక్షింపవలెను. అమరుటకు అన్నియు కలిసి సరిపోవలెను. చెడుటకు ఒక్కటి చాలును. ఇంత చిన్న సూత్రమునందు ఎంత లోకానుభవమున్నదో పాఠకులే గ్రహింపగలరు.

ఆకృతికి కాగితము మీద న్యాయము చేసినవాడు స్టాన్లీ పార్కర్. స్కాట్లండులోని అలెగ్జాండ్రియా పట్టణమున టార్పెడోలు చేయు ప్రభుత్వ కర్మశాలలో ఇతడు ఉద్యోగి. ఒక పలకలో రంధ్రపు కేంద్రము అడ్డముగా పదవవంతు మిల్లీమీటరు, నిలువుగా పదవవంతు మిల్లీమీటరు అటు ఇటు కావచ్చునని పూర్వపు పద్ధతిలో వ్రాసేవారు. ఆ అనుమతి ఒక చిన్న చతురస్రమగును. దాని మూలకు కేంద్రమునుండి దూరము 0.141 మిల్లీమీటరు. మూలకు జరిగిన రంధ్రము అంత దూరమున్నను అంగీకృతము. తిన్నగా ప్రక్కకు 0.12 జరిగిన రంధ్రము తిరస్కృతము. మేకునకు దిక్కులు తెలియవు; అది రెంటిలోను ఒకే విధముగా దూరును. కనుక అనుమతి వృత్తముగా ఉండవలెనని 1938 ప్రాంతమున పార్కర్ వాదించినాడు. మూలను తాకు వృత్తపు వైశాల్యము చతురస్రపు వైశాల్యము కన్న నూటికి 57 వంతులు అధికము. అనగా అంతకు పూర్వము పనికివచ్చు భాగములు ఎన్నో చెత్తకుప్పలోనికి పోయినవి. తన ఆలోచనలను ఇతడు 1940లో ఒక చిన్న పొత్తముగాను, 1956లో విపులమైన గ్రంథముగాను ప్రకటించినాడు. చిత్రపటముల మీద నేడు మనము చూచు వృత్తపు గురుతు, సమాంతరపు గీతలు, లంబపు గురుతు, ఏ ముఖమునుండి కొలువవలెనో చెప్పు ఆధారపు అక్షరము, ఇవి అన్నియు ఈ ఆలోచన ఫలితముగా దేశదేశముల ప్రమాణములలో స్థిరపడినవి. వీనికి భాష లేదు. ఏ దేశపు పనివాడైనను చదువవచ్చును.

భాష లేని లిపికి ఎంత ప్రయోజనమున్నదో భిలాయి కథ వలన తెలుస్తున్నది. 1955 ఫిబ్రవరి 2న భారత సోవియట్ ప్రభుత్వములు ఒప్పందము చేసికొన్నవి. ఏటికి పది లక్షల టన్నుల ఉక్కు చేయు కర్మాగారము దుర్గ్ జిల్లాలోని భిలాయిలో వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. 1960లో రైలుపట్టాల మిల్లు పని ఆరంభించినది. యంత్రములును, పటములును, నేర్పువారును రష్యానుండి వచ్చినారు. పనివారు ఛత్తీస్‌గఢీ, హిందీ, బెంగాలీ, ఒడియా, మలయాళము, పంజాబీ మాట్లాడువారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి తెలుగువారు కుటుంబములతో వచ్చి స్థిరపడినారు. 1931లో పూర్తియైన విజయనగరము రాయపూరు రైలుమార్గము వారికి దారి చూపినది. పటముల మీది వ్రాత రష్యను అక్షరములలో ఉన్నను, అంకెలు మిల్లీమీటరులలో ఉన్నవి. మన దేశమో అప్పటికింకను అంగుళములలో, మణుగులలో, మూరలలో ఆలోచించుచున్నది. మెట్రికు చట్టము 1956లో వచ్చినది. 1957 ఏప్రిల్ 1 నుండి నయాపైసలు, 1958 అక్టోబరు 1 నుండి మెట్రికు తూనికలు ఆరంభమైనవి. బజారులో కిలోగ్రాము వాడుకకు వచ్చుటయు, భిలాయిలో పనివాడు మిల్లీమీటరు నేర్చుటయు ఇంచుమించు ఒకే కాలమున జరిగినవి.

రైలుపట్టా చూచుటకు సామాన్యమైన వస్తువు. దానికున్నంత ఆకృతి నియమము తక్కువ వస్తువులకున్నది. అరువది కిలోల పట్టా, అనగా మీటరుకు ఇంచుమించు అరువది కిలోగ్రాములు తూగునది, 172 మిల్లీమీటరుల ఎత్తును, 150 మిల్లీమీటరుల అడుగును గలది. ఎర్రగా కాగిన ఉక్కుదిమ్మె పెద్ద రోలర్ల నడుమ అనేక పర్యాయములు నలిగి ఈ రూపము పొందును. రోలర్ల మీద చెక్కిన గాడి ఎట్లున్నదో పట్టా అట్లే వచ్చును. కనుక గాడిని లేతు మీద చెక్కువాడు పలుచని ఉక్కురేకుతో చేసిన మాదిరిని గాడిలో పెట్టి, వెనుకనుండి దీపము చూపి, సందున వెలుతురు గీత ఎక్కడ కనబడుతున్నదో పరికించును. వెలుతురు దూరిన చోటు దోషమున్న చోటు. అంత సన్నని సందును చేతివ్రేలు పసికట్టలేదు. కన్ను వెలుతురు సాయముతో పసికట్టును.

తరువాత చల్లారుట. పట్టా తలలో లోహము దట్టముగాను, అడుగున పలుచగాను ఉండుటచే రెండును ఒకే వేగమున చల్లారవు. పట్టా వంగును. దానిని మరల వరుసగా అమర్చిన రోలర్ల నడుమ నడిపి తిన్నగా చేయుదురు. కాని రోలర్ల పట్టు రెండు కొసలకు పూర్తిగా అందదు. కొసలను వేరే ప్రెస్సులో సరిచేసి, తిన్నని ఉక్కుబద్దను ఆనించి, సందులో ఫీలరు రేకులు దూర్చి చూతురు. ఇప్పుడు చాలవరకు ఈ పని లేజరు కిరణములు చేయుచున్నవి. కొసల మీద ఇంత శ్రద్ధ ఎందుకనగా, ఒక పట్టా మరియొక పట్టాను కలిసికొను చోటు కొసయే. అక్కడ మిల్లీమీటరులో కొన్ని పదవవంతుల ఎత్తుపల్లమున్నను వేగముగా పోవు ప్రతి చక్రమును ఒక సుత్తివలె దానిని కొట్టును. ఆ దెబ్బ పట్టాకును, అతుకునకును, చక్రమునకును తగులును. పూర్వము పట్టా పొడవు 13 మీటరులు. భిలాయి నుండి పోవు 260 మీటరుల పొడవైన వరుసను అట్టి పట్టాలతో అతికినచో 19 అతుకులు కావలెను. 2018లో జాతికి అంకితమైన విస్తరణలో భాగముగా వచ్చిన క్రొత్త మిల్లు 130 మీటరుల ఏకఖండపు పట్టాను ఇచ్చుచున్నది. ఇప్పుడు ఒక్క అతుకు చాలును. అతుకులు తగ్గిన కొలది, పట్టాపొడవునా ఆకృతిని కాపాడవలసిన భారము పెరిగినది.

ఇందులో వేసవి చేయు అల్లరి ప్రత్యేకముగా చెప్పదగినది. కొలతలన్నియు 20 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి చెల్లునని 1931లో అంతర్జాతీయముగా నిర్ణయించినారు. భిలాయి వేసవి మధ్యాహ్నమున వేడిమి 45 డిగ్రీలను అంటగలదు. ఉక్కు ప్రతి డిగ్రీకి పదిలక్షలలో సుమారు పదకొండున్నర వంతులు పెరుగును. లెక్క చూడుడు: 130 మీటరుల పట్టా ఆ తేడాకు 37 మిల్లీమీటరులు పెరుగును. నూరు మిల్లీమీటరుల వ్యాసము గల ఇరుసు 0.029 మిల్లీమీటరు పెరుగును. ఇది స్వల్పమని తోచవచ్చును. కాని అట్టి ఇరుసు దూరవలసిన రంధ్రమునకు సాధారణముగా ఇచ్చు సహ్యత మొత్తము 0.035 మిల్లీమీటరు. అనగా ఎండ ఒక్కటే సహ్యతలో అధికభాగమును తినివేయగలదు.

కర్మాగారపు గోడల వెలుపల ఈ విద్య మరియొక రూపము తాల్చినది. కర్మాగారమునకు కావలసిన ఇరుసులు, పళ్ళచక్రములు, బేరింగుల గూళ్ళు మొదలగు విడిభాగములను చేయు చిన్న యంత్రశాలలు భిలాయి పారిశ్రామిక ప్రాంతములో పెరిగినవి. వానిలో పనిచేయువారిలో పలువురు కర్మాగారపు క్వార్టర్లలో కాక చుట్టుప్రక్కల పేటలలో నివసింతురు. అట్టి పేటలలో వైశాలి నగర్ ఒకటి. 2008 నుండి అది ఛత్తీస్‌గఢ్‌లో ఒక శాసనసభా నియోజకవర్గపు పేరు కూడ. బుద్ధుడు పలుమార్లు విడిసిన లిచ్ఛవుల నగరము పేరు ఈ ఉక్కుపట్టణపు పేటకు వచ్చినది. రథకారుని కథకు దీనికన్న తగిన చిరునామా దొరకదు.

అట్టి యంత్రశాల ఒకదానిలో ఈ వ్యాసకర్త చూచిన సంఘటన ఒకటి ఇక్కడ చెప్పవలసియున్నది. సాయంకాలము. లేతు మీదనుండి అప్పుడే దిగిన ఒక ఇరుసు. వెలుపల లారీ నిలిచియున్నది. యజమాని మైక్రోమీటరు పెట్టి చూచినాడు. కొలత హద్దు లోపల ఉన్నది. పంపుమన్నాడు. శ్రీకాకుళపు వైపునుండి వచ్చిన వృద్ధుడైన టర్నరు ఒకడు ఒప్పుకొనలేదు. "ఇంకా వేడిగా ఉన్నాది బాబూ, తెల్లారి చూద్దాం" అన్నాడు. తరువాత కొంత వాదన జరిగినది. లారీ ఖాళీగా పోయినది. మరునాడు ఉదయము అతడు గ్రానైటు పలకను మొదట గుడ్డతోను, తరువాత ఒట్టి అరచేతితోను తుడిచినాడు. గుడ్డకు తెలియని ధూళి అరచేతికి తెలియునట. వి దిమ్మెలను పెట్టి, ఇరుసును వానిపై ఆనించి, డయల్ ముల్లును సున్నకు తెచ్చి మెల్లగా త్రిప్పినాడు. గుండ్రదనము సరిగానే ఉన్నది. వ్యాసము మాత్రము రాత్రి చల్లారుటలో క్రింది హద్దును దాటి తగ్గినది. ముందునాడు కొలిచినది ఇరుసును కాదు, ఇరుసును దానిలోని వేడిని కలిపి. ఆ ఇరుసును ప్రక్కన పెట్టి క్రొత్తది చేసినారు. యజమానికి రెండు దినములును, కొంత ఉక్కును నష్టము. టర్నరుకు పొగడ్త రాలేదు. ఆ యంత్రము ఎక్కడనో తిరుగుచున్నది. దానిని నడుపువానికి ఈ సంగతి ఏనాటికిని తెలియదు.

నేడు ఇంతకన్న గొప్ప సాధనములున్నవి. 1950ల చివర స్కాట్లండులో ఫెరాంటి సంస్థ రూపొందించిన మొదటి యంత్రముల సంతతిగా, భాగమును రాతిబల్ల మీద ఉంచి, కెంపు మొన గల సన్నని పుల్లతో అక్కడక్కడ తాకి, ఒక్కొక్క బిందువు స్థానమును గణించి, మొత్తము ఆకృతిని లెక్కకట్టు యంత్రములు వచ్చినవి. హైదరాబాదులో 1968లో స్థాపితమైన పనిముట్ల రూపకల్పన కేంద్రము వంటి సంస్థలు తెలుగు యువకులకు ఇట్టి విద్యలు నేర్పుచున్నవి. కాని ఈ యంత్రము కూడ తాకిన చోటునే ఎరుగును. తాకని చోటును ఊహించును. ఏ మూడు బిందువులు తీసికొన్నను వానిగుండ ఒక వృత్తము పోవును. కనుక రంధ్రమును మూడు చోట్ల మాత్రమే తాకి ఊరుకొన్నచో, ఆ రంధ్రము ఎంత వంకరగా ఉన్నను గుండ్రదనములో దోషము సున్న అని యంత్రము నివేదించును. అంకె అబద్ధము కాదు, ప్రశ్న అసంపూర్ణము. మూడు చోట్ల తాకవలెనా, ముప్పది చోట్ల తాకవలెనా అని నిర్ణయించువాడు మనుష్యుడు. నెల చివర, పంపవలసిన సరకు గుట్టగా ఉన్నప్పుడు, మూడు చోట్లతో సరిపెట్టుకొనవలెనను ప్రలోభము ఎచటనైనను ఉండును. అట్లు వచ్చిన కాగితము చూచుటకు ముప్పది చోట్ల తాకి వచ్చిన కాగితము వలెనే ఉండును. రాజునకు రెండు చక్రములు ఒకటిగా కనబడినట్లే, కొనువానికి ఈ రెండు కాగితములును ఒకటే.

దోషరహితమైన వస్తువును చేయుట మనుష్యునకు సాధ్యము కాదని ఈ విద్య మొదటనే ఒప్పుకొన్నది. సహ్యత అన్న మాటయే ఆ ఒప్పుదల. అది ఆదర్శమునకు కలిగిన లోటు కాదు. ఎంత దోషమున్నదో దాచక చెప్పుట, చెప్పిన హద్దునకు కట్టుబడుట అను రెండు నియమముల మీద, ఒకరినొకరు చూడని లక్షలమంది పనివారు కలిసి ఒక రైలుమార్గమును నిర్మించుచున్నారు. రాత్రివేళ బండిలో నిద్రపోవు ప్రయాణికుడు తన క్రింద దొర్లుచున్న చక్రములను, పట్టాలను చేసినవారి పేర్లెరుగడు. వానిని కొలిచినవారి మాటను నమ్మి నిద్రపోవుచున్నాడు.

పచేతనుని కథలో మనము తరచు మరచు అంశము ఒకటి ఉన్నది. రాజునకు భేదము తెలియలేదు. రెండు చక్రములను బండికి తగిలించి, బహుమానము పుచ్చుకొని రథకారుడు ఇంటికి పోవచ్చును. అతడు అట్లు చేయలేదు. తాను చేసిన చక్రములో దోషమున్నదని తానే రాజు ముందు దానిని దొర్లించి చూపినాడు. ఆరు దినములలో మంచి చక్రము చేయలేకపోవుట అతని తప్పు కాదు, తొందర రాజుది. కాని చెడ్డ చక్రమును మంచిదని చెప్పియుంటే, ఆ తప్పు అతనిదే అయ్యెడిది. యుద్ధమున దాని ఫలము అనుభవించువాడు వేరొకడు. మైక్రోమీటరు, లేజరు, కెంపు మొన గల యంత్రము, ఇవి అన్నియు ఆ రథకారుని కన్నును సూక్ష్మము చేసినవి. చూచినదానిని చెప్పు పని ఇప్పటికిని అతనిదే.